డబ్బే కర్త

మా చిన్నాయన కొడుకు తిరుపతి నుంచి తిరుమలకు ట్యాక్సీ నడుపుతాడు. 2021 నవంబరులో, బిట్‌కాయిన్ ధర 69 వేల డాలర్ల దాకా ఎగబాకిన ఆ రోజుల్లో, వాడు నాకు వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ పంపించాడు. ఇరవై రెండు పేజీలు, తెలుగులో. హైదరాబాదు నుంచి దర్శనానికొచ్చిన ఒక కస్టమరు ఘాట్ రోడ్డు దిగేలోపల విషయమంతా చెప్పి, అలిపిరి దాటాక ఆ ఫైలు ఫార్వర్డ్ చేశాడట. వెనకాలే వాడి వాయిస్ మెసేజి: "అన్నా, నువ్వు కంప్యూటరోడివి గదా. ఈ మైనింగ్ అనేది నిజంగా ఉండాదా, లేకుంటే కతలు చెప్తా ఉండారా?"

నేను బెంగళూరులో ఆఫీసు క్యాబ్‌లో కూర్చుని పది నిమిషాలు ఫోన్లో మాట్లాడాను. మైనింగ్ నిజంగానే ఉంది అన్నాను. ప్రపంచమంతా కొన్ని లక్షల యంత్రాలు ఒక లెక్కకు జవాబు ఊహిస్తూ ఉంటాయని, సుమారు పది నిమిషాలకొకసారి ఎవరో ఒకరికి ఆ జవాబు తగులుతుందని, తగిలినవాడికి కొత్త నాణేలు వస్తాయని చెప్పాను. ఒక్క అబద్ధమూ చెప్పలేదు. పైగా అంత వివరంగా చెప్పినందుకు కొంచెం సంతోషపడ్డాను కూడా. ఆ నెలాఖరులో వాడు పిన్నమ్మ గాజులు కుదువబెట్టి, చేతిలో ఉన్నది కలిపి, 2,40,000 రూపాయలు కట్టాడు. ఆ డబ్బు ఇంతవరకు తిరిగి రాలేదు.

ఈ వ్యాసం ఆ పీడీఎఫ్ మీద సమీక్ష. కథల పుస్తకాల గురించి మాట్లాడుకునే చోట దీన్నెందుకు తెచ్చాడని మీకు అనిపించవచ్చు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఆరోజు నేను అందులోని సాంకేతిక విషయం సరిచూశాను గానీ, దాన్ని చదవలేదు. ఒక కథల సంపుటి మీద పేజీలకు పేజీలు రాసేవాణ్ని, మా ఇంట్లోవాళ్లు డబ్బు పెట్టబోయే వచనాన్ని మాత్రం వచనంగా చూడలేదు. ఆలస్యంగానే అయినా ఇప్పుడు చదువుతున్నాను.

పక్కన పెట్టుకుని చదవడానికి ఇంకో రెండు పాఠాలు తీసుకున్నాను. ఒకటి, ఈ గొడవంతటికీ మూలమైన శ్వేతపత్రం. 2008 అక్టోబరు 31న సతోషి నకమోతో అన్న మారుపేరుతో ఎవరో ఒక మెయిలింగ్ లిస్టులో పెట్టిన తొమ్మిది పేజీలు. రెండోది, తిరుమల గుడి గోడల మీద ఉన్న శాసనాలు. ఈ రెండోది ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.

శ్వేతపత్రం మంచి వచనం. ఇంజనీర్లు రాసినవాటిలో ఇంత పొదుపైనవి నేను తక్కువే చూశాను. సమస్య ఏమిటో మొదటి పేజీలోనే చెబుతుంది: ఇద్దరి మధ్య డబ్బు మారాలంటే మధ్యలో ఒక బ్యాంకును నమ్మాలి, ఆ నమ్మకం ఖరీదైనది. ఆ తర్వాత ఒక్కో అడుగు వేసుకుంటూ పోతుంది. ఇవాళ మనం ఆ పత్రం పేరు చెప్పి వాడే మాటలు చాలావరకు అందులో లేవు. 'బ్లాక్‌చెయిన్' అన్న ఒంటి మాట లేదు. ధర గురించి ఒక్క వాక్యం లేదు. కొంటే పెరుగుతుందని ఎక్కడా అనదు. మైనింగ్ అన్న మాట కూడా లేదు. బంగారం గనుల్లో పనిచేసేవాళ్లతో పోలిక మాత్రం ఒక చోట వస్తుంది, అదీ ఎందుకంటే ఖర్చు గురించి చెప్పడానికి. వాళ్లు వనరులు ఖర్చుపెట్టి బంగారాన్ని చలామణీలోకి తెస్తారు, ఇక్కడ ఖర్చయ్యేది కంప్యూటర్ సమయమూ కరెంటూ అంటుంది. జూదరి కూడా ఒక చోట కనిపిస్తాడు, చివర్లో లెక్కల భాగంలో. జూదరి చివరికి దివాలా తీసే ఒక పాత గణిత సమస్య ఉంది, దాన్ని వాడుకుంటారు. ఆ జూదరి స్థానంలో ఉన్నది ఎవరనుకున్నారు? వ్యవస్థను మోసం చేయబోయేవాడు. ఆ పత్రం ఊహలో జూదమాడేది దొంగ ఒక్కడే. పదమూడేళ్లలో ఆ స్థానంలోకి మా తమ్ముడు ఎట్లా వచ్చాడన్నది అసలు కథ.

వాక్యాలు గమనించండి. అందులో పని చేసేవాళ్లు ఉంటారు. నోడ్‌లు లావాదేవీలను సేకరిస్తాయి, నోడ్‌లు వెతుకుతాయి, దొరికినప్పుడు మిగతావాటికి చెబుతాయి, అవి సరిచూసి ఒప్పుకుంటాయి. ప్రతి క్రియ వెనక ఒక కర్త.

ఇప్పుడు మా పీడీఎఫ్. మొదటి పేజీలో బంగారు నాణెం బొమ్మ, దాని వెనక సూర్యోదయం. రెండో పేజీలో మీరు పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా ఎవరి కోసం కష్టపడుతున్నారన్న ప్రశ్న. (ట్యాక్సీ నడిపేవాడికి తొమ్మిదీ లేదు ఆరూ లేదు. అయినా వాడికి ఆ ప్రశ్న తగిలింది.) ఐదో పేజీ నుంచి మైనింగ్ ప్లాన్లు: వెండి, బంగారం, వజ్రం. నెలకు 8 శాతం. పదిహేనో పేజీలో స్టేకింగ్: మీ నాణేలను లాక్ చేసి పెడితే నిద్రపోతున్నప్పుడు కూడా రివార్డు. చివర్లో ఇంకో నలుగుర్ని చేర్పిస్తే ఏమొస్తుందో చూపించే చెట్టు బొమ్మ.

ఆ బొమ్మ దగ్గరే నాకు గంట మోగాల్సింది. నిజం చెప్పాలంటే నేను అంతవరకు చదవలేదు. మైనింగ్ గురించిన ఐదారు పేజీలు చూసి, హ్యాష్ గురించి పెద్దగా తప్పు రాయలేదులే అనుకున్నాను.

ఇవాళ చదువుతుంటే నన్ను ఆపుతున్నది అంకెలు కాదు, క్రియలు. ఆదాయం జనరేట్ అవుతుంది. రివార్డు పడుతుంది. పెట్టుబడి పెరుగుతుంది. లాభం జమ అవుతుంది. ఇరవై రెండు పేజీల్లో నేను పెన్సిల్ పట్టుకుని వెతికాను, డబ్బు గురించిన వాక్యాల్లో మనిషి కర్తగా ఉన్నది ఒక్కటే: మీరు చేరతారు. చేరాక మనిషి పని అయిపోయింది. అక్కడినుంచి డబ్బే కర్త. అదే లేస్తుంది, అదే నడుస్తుంది, అదే పిల్లల్ని కంటుంది, అదే ఇంటికొస్తుంది.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, నాకు నేనే చెప్పుకున్నాను. తెలుగు అట్లాంటిదే కదా. మనం నేను జీతం సంపాదించాను అనం, జీతం పడింది అంటాం. వాన పడింది, జీతం పడింది, లాటరీ తగిలింది. కలిగిన మేలుని మన మీదకు వచ్చి పడినట్టు చెప్పడం ఈ భాషకు అలవాటు, అందులో ఒక వినయం కూడా ఉంది. నిజమే. కానీ జీతం పడింది అన్నవాణ్ని ఎవరేశారు అని అడిగితే జవాబుంటుంది. ఎందుకేశారు అంటే కూడా ఉంటుంది. ఈ పీడీఎఫ్‌లో రివార్డు పడింది అన్నచోట ఎవరు అని అడిగితే వాక్యం కింద ఏమీ లేదు. భాషకున్న ఒక మర్యాదను పట్టుకుని దానికింద గొయ్యి దాచారు.

ఇక తిరుమల. మా ఊళ్లో పుట్టినవాడెవడికైనా డబ్బు గురించిన మొదటి కథ కుబేరుడి అప్పే. పద్మావతితో పెళ్లికి శ్రీనివాసుడి దగ్గర డబ్బు లేదు, కుబేరుడి దగ్గర తీసుకున్నాడు, పత్రం రాసిచ్చాడు, బ్రహ్మ, శివుడు, రావిచెట్టు సాక్షులు. ఆ వడ్డీ ఇప్పటికీ కడుతూనే ఉన్నాడు, మనం హుండీలో వేసేది అందుకే. వడ్డికాసులవాడు అని ముద్దుగా పిలుచుకునే దేవుడు బహుశా ఇంకెక్కడా లేడు. కథగా చూస్తే ఇందులో నాకు నచ్చేది, ఎవరు ఇచ్చారో, ఎవరు తీసుకున్నారో, దేనికో, ఎవరు చూశారో, ఎవరు తీరుస్తున్నారో అన్నీ ఉన్నాయి. దేవుడైనా సరే పత్రం రాయించుకున్నారు. మా జేజి చెప్పేటప్పుడు రావిచెట్టు సాక్షి అన్నచోట కచ్చితంగా నవ్వేది. చెట్టు పారిపోదు గదా, అందుకని.

అది పురాణం. గోడల మీద ఉన్నది చరిత్ర. తిరుమల, తిరుపతి గుళ్లలో వెయ్యికి పైగా శాసనాలు ఉన్నాయి. 1930లలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి వంటి పండితుల శ్రమతో దేవస్థానం వాళ్లు వాటిని సంపుటాలుగా అచ్చువేశారు. ఎక్కువభాగం తమిళంలో ఉంటాయి, కొన్ని తెలుగు, కన్నడం, సంస్కృతం. నాకు తమిళ లిపి రాదు, ఇంగ్లీషు సారాంశాల మీద ఆధారపడి చదివాను. దర్శనం క్యూలో నెట్టుకుంటూ పోయేటప్పుడు పక్కన గోడ మీద అక్షరాలు కనిపిస్తాయి, గోవిందా అంటూ దాటిపోతాం. చిన్నప్పుడు నేను వాటిని స్తోత్రాలనుకునేవాణ్ని. చాలావరకు అవి ఖాతాలు.

పదిహేను, పదహారు శతాబ్దాల నాటి ఒక మామూలు శాసనం ఎట్లా ఉంటుందో నా మాటల్లో చెప్తాను. ముందు శక సంవత్సరం, మాసం, తిథి, వారం, నక్షత్రం. ఏ రాజు ఏలుతున్నాడో. తర్వాత గుడి పాలన చూసే స్థానత్తార్లు ఫలానా మనిషికి రాసిచ్చే మాట: మీరు స్వామి శ్రీభండారంలో ఇన్ని పణాలు కట్టారు. ఈ డబ్బుతో గుడి కింద ఉన్న ఊళ్లలో చెరువులు, కాలువలు బాగుచేయిస్తాం. అందువల్ల పెరిగే పంటతో మీ పేరు మీద రోజుకి ఇంత నైవేద్యం పెట్టిస్తాం. దానికి ఇంత బియ్యం, ఇంత నెయ్యి, ఇంత పెసరపప్పు, ఉప్పు, మిరియాలు, కూరగాయలు, పెరుగు. నివేదించిన ప్రసాదంలో నాలుగో వంతు దాతగా మీది. మిగతాది ఇట్లా పంచుతాం. మీ తర్వాత మీ సంతతికి, సూర్యచంద్రులున్నంతకాలం ఇది నడుస్తుంది. చివర్లో రాసిన గుడి కరణం పేరు. శ్రీవైష్ణవులు దీన్ని కాపాడుదురుగాక అన్న మాట.

మొదటిసారి ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. అసలు కదిలించకుండా పెట్టి, దానిమీద వచ్చేదాంట్లో వాటా తీసుకోవడం. అందరికీ కనిపించే చోట, చెరపలేని విధంగా రాయడం. దీన్ని ఇప్పుడు ఏమంటున్నారో మీకు తెలుసు.

కానీ ఆ పోలిక దగ్గర ఆగిపోతే అది వాట్సాప్ వ్యాసం అవుతుంది. మన పూర్వీకులు ఎప్పుడో బ్లాక్‌చెయిన్ కనిపెట్టేశారు అని ఎవరో ఇప్పటికే రాసేసి ఉంటారు. నాకు ముఖ్యమైంది పోలిక కాదు, తేడా. ఆ శాసనంలో రాబడి ఎక్కడినుంచి వస్తుందో రాసి ఉంది. డబ్బు కాలువ అవుతుంది, కాలువ నీళ్లవుతాయి, నీళ్లు వడ్లవుతాయి, వడ్లు ప్రసాదమవుతాయి, అందులో నాలుగో వంతు మీకొస్తుంది. చాలా శాసనాల్లో ఊరి పేరు కూడా ఉంటుంది. అనుమానమొస్తే ఎద్దులబండి కట్టుకుని ఆ ఊరికి పోయి కాలువ తవ్వారో లేదో చూసి రావచ్చు. బర్టన్ స్టెయిన్ అనే చరిత్రకారుడు 1960లో ఈ శాసనాల మీద రాసిన వ్యాసంలో చూపించింది ఇదే: విజయనగర కాలంలో తిరుమల గుడి భక్తుల డబ్బుని తీసుకుని కరువు సీమలో సాగునీటి మీద పెట్టింది. దాతల్లో రాజులే లేరు. వ్యాపారులు, ఉద్యోగులు, ఆచార్యులు, గుడిలో నాట్యం చేసే స్త్రీలు కూడా ఉన్నారు. తమకొచ్చే నాలుగో వంతుని కొందరు ఇంకొకరికి రాసిచ్చారు. సాళువ నరసింహుడి కాలంలో కందాడై రామానుజ అయ్యంగార్ నడిపిన రామానుజకూటాలకు, అంటే యాత్రికులకు అన్నం పెట్టే సత్రాలకు, అలాంటి వాటాలు చేరేవి.

శ్రీకృష్ణదేవరాయలు ఏడుసార్లు కొండకొచ్చాడనీ, ముప్పై వేల వరహాలతో కనకాభిషేకం చేయించాడనీ మాకు బళ్లో చెప్పారు. కాలువ తవ్వించినవాళ్ల గురించి చెప్పలేదు. వచనంలో కూడా అంతే, మెరిసేదే గుర్తుంటుంది.

శాసనాన్ని మరీ నెత్తికెత్తుకోకూడదు. అది కూడా కొన్ని దాస్తుంది. కాలువ తవ్విస్తాం అంటుంది, తవ్వినవాళ్లెవరో చెప్పదు. ఏ కూలికి తవ్వారో అసలే చెప్పదు. పంట పెరిగితే ఆ పెరిగినదాంట్లో రైతుకు మిగిలిందెంతో ఆ వాక్యాల్లో లేదు. ప్రసాదం పంపకంలో ఎవరికి చోటుందో ఎవరికి లేదో మనకు తెలుసు. శాసనంలోని 'మేము' అన్న కర్త కింద ఇంకో పది కులాల చేతులున్నాయి. అయినా ఒకటి ఒప్పుకోవాలి. అది ఊరి పేరు చెప్పింది కాబట్టి, ఆ ఊరి మనుషుల గురించి ఇవాళ మనం అడగగలుగుతున్నాం. పీడీఎఫ్‌ని ఏమని అడగను? దాంట్లో ఉన్న ఒకే ఒక ఊరి పేరు, ఎక్కడో విదేశంలో గోడౌన్లో మెరుస్తున్న యంత్రాల ఫొటో కింద రాసి ఉంది. ఆ ఫొటో వేరే కంపెనీదని ఇమేజ్ సెర్చ్‌లో రెండు నిమిషాల్లో తేలింది. రెండేళ్ల తర్వాత చేసిన సెర్చ్ అది.

మైనింగ్ అన్న మాట వాడికి ఎట్లా వినిపించి ఉంటుందో కూడా ఆలోచించాను. మా వైపు తవ్వకమంటే రెండు రకాలు. ఒకటి గుప్తనిధులు. పాడుబడ్డ గుడి వెనకాల అమావాస్య రాత్రి ఎవరో తవ్వారట, లంకెబిందెలు దొరికాయట అన్న కబుర్లు వినకుండా రాయలసీమలో ఎవరూ పెరగరు. రెండోది నిజం గని. కుప్పం దగ్గర చిగురుకుంట, బిసానత్తంలలో బంగారం గనులుండేవి, కోలారు గనులతోపాటు 2001లో అవీ మూతపడ్డాయి. ఆ గనుల్లో మనిషి దిగేవాడు, దుమ్ము పీల్చేవాడు, జీతం తీసుకునేవాడు. బంగారం తవ్వినవాడి ఇంట్లో బంగారం ఉండేది కాదు. సతోషి పోలిక ఈ రెండో తవ్వకం మీద నిలబడింది, అంటే ఖర్చుకి తగ్గ ఫలం. పీడీఎఫ్ మాత్రం అదే మాటను మొదటి తవ్వకంలోకి జార్చింది. తెలిసినవాడికి దొరికే బిందె. మా తమ్ముడు నన్ను అడిగింది గని గురించా, బిందె గురించా? నేను గని గురించి జవాబు చెప్పాను.

నిజం మైనింగ్ లెక్క కూడా ఆరోజు సగమే చెప్పాను. 2009లో ఒక్కో బ్లాకుకి 50 నాణేలు వచ్చేవి. ప్రతి 2,10,000 బ్లాకులకు, అంటే దాదాపు నాలుగేళ్లకు, అది సగమవుతుంది. 2024 ఏప్రిల్ నుంచి 3.125. మొత్తం 2 కోట్ల 10 లక్షలు దాటదు. ఎన్ని యంత్రాలు కొత్తగా చేరితే లెక్క అంత కష్టమయ్యేట్టు తనంతట తానే సర్దుకుంటుంది. అంటే ఎక్కువమంది తవ్వినంత మాత్రాన ఎక్కువ రాదు, ఉన్నదాన్నే ఎక్కువమంది పంచుకుంటారు. కరెంటు చౌకగా దొరికేచోట, ప్రత్యేకమైన చిప్‌లతో, గోడౌన్ల కొద్దీ నడిపేవాళ్లకే అది గిట్టుబాటు. అట్లాంటి వ్యాపారంలో నెలనెలా 8 శాతం గ్యారంటీగా ఇస్తాననే మాట ఎక్కడినుంచి వస్తుంది? ఈ వరస మనకు కొత్త కూడా కాదు. గెయిన్‌బిట్‌కాయిన్ కేసులో దర్యాప్తు సంస్థలు చెప్పినదాని ప్రకారం, అక్కడ మాట నెలకు 10 శాతం చొప్పున 18 నెలలు. దాని వెనకున్న అమిత్ భరద్వాజ్ అరెస్టయింది 2018లో. మా పీడీఎఫ్ మూడేళ్ల తర్వాతిది. అదే వాక్యం, రెండు శాతం తగ్గించి.

స్టేకింగ్ మాటకొస్తే నాకు కొంచెం మొహమాటం, ఎందుకంటే నేనూ చేస్తున్నాను. నా దగ్గర కొద్దిగా ఈథర్ ఉంది. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం యంత్రాల పందెం వదిలేసి ఈ పద్ధతికి మారింది. 32 ఈథర్‌లు పెట్టినవాడు లావాదేవీలు సరిచూసే పని చేయాలి. సరిగా చేస్తే కొంత ఇస్తారు, మోసం చేస్తే పెట్టినదాంట్లోంచి కోస్తారు. దీనికి తెలుగులో సరైన మాట పెట్టుబడి కాదు. పూచీకత్తు. పూచీకత్తు అనగానే మూడు విషయాలు తడతాయి: నువ్వు ఒక పనికి ఒప్పుకున్నావు, ఆ పని ఎవరో చేయాలి, తప్పితే సొమ్ము పోతుంది. పెట్టుబడి అన్నాక ఆ మూడూ మాయమై ఒక్క రాబడే మిగులుతుంది. ఇంతకీ నాకొచ్చేది ఏడాదికి మూడు శాతం అటూఇటూ. అదీ ఈథర్లలోనే. కొత్తగా పుట్టించిన నాణేలు, వాడేవాళ్లు కట్టే ఫీజులు, ఇవే దాని కాలువలు. ధర పడిపోతే ఆ మూడు శాతానికి అర్థమే లేదు. 2022 మే నెలలో టెర్రా కూలిపోయినప్పుడు అందులో డబ్బు దాచుకున్నవాళ్లకు చూపిస్తూ వచ్చిన వడ్డీ ఏడాదికి సుమారు 20 శాతం. ఆ వడ్డీ అప్పు తీసుకున్నవాళ్ల దగ్గర్నుంచి పూర్తిగా రావడం లేదు, పక్కన పెట్టిన నిధిలోంచి తీసి ఇస్తున్నారు. అది దాచిన రహస్యం కూడా కాదు. చదివినవాళ్లకు తెలుసు. చదవడం అనే పని అందరికీ సాధ్యమైంది కాదు, అదే గొడవ.

ప్రభుత్వం 2022 ఏప్రిల్ 1 నుంచి లాభం మీద 30 శాతం పన్ను, జూలై 1 నుంచి 1 శాతం టీడీఎస్ పెట్టింది. ఒక దాంట్లో వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంలో తీసేసుకునే వీల్లేదు. దీన్ని మా తమ్ముడి గ్రూపులో పండగలా చెప్పుకున్నారు. ట్యాక్స్ వేశారంటే గవర్నమెంటు ఒప్పుకున్నట్టేగదా అని. పన్ను వేయడం వేరు, పూచీ పడడం వేరు అని వాడికి చెప్పేసరికి వాడు ఇంకో ముగ్గుర్ని చేర్చాడు. అందులో ఇద్దరు వాడి స్టాండులో డ్రైవర్లే.

ఇంకో శ్వేతపత్రం గురించి చెప్పి తీరాలి. 2022 నవంబరులో తిరుమల తిరుపతి దేవస్థానం కూడా ఒక శ్వేతపత్రం విడుదల చేసింది. బ్యాంకుల్లో డిపాజిట్లు 15,938 కోట్ల రూపాయలు, బంగారం 10 టన్నులకు పైగా, ఏ బ్యాంకులో ఎంతుందో జాబితా. సాహిత్య విలువ శూన్యం, పట్టికలే పట్టికలు. కానీ అందులో ప్రతి అంకె పక్కన ఒక బ్యాంకు పేరుంది. ఇప్పటి అన్నప్రసాదం ట్రస్టు కూడా ఆ పాత శాసనాల పద్ధతే. 1985లో ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు మొదలైంది. దాతల సొమ్ము బ్యాంకులో ఉంటుంది, దాని వడ్డీతో అన్నం. కాలువ పోయి ఫిక్స్‌డ్ డిపాజిట్ వచ్చింది. రైతుకి పారిన నీళ్లు ఇప్పుడు బ్యాంకు అప్పుగా ఎక్కడెక్కడికో పారుతున్నాయి, ఆ ఊళ్ల పేర్లు మనకు తెలియవు. ఇక్కడ కూడా వాక్యం కొంచెం పలచబడింది. అన్నం మాత్రం ఆకులో కనిపిస్తుంది.

మన కథల్లో ఈ డబ్బు ఎందుకు లేదని కూడా నాకు అసంతృప్తి. చిత్తూరు జిల్లా కథల్లో అప్పు ఉంది, కరువు ఉంది. మధురాంతకం రాజారాం, నామిని చదివిన ఎవరికైనా చేబదులు అడగడంలోని సిగ్గు తెలుసు. అప్పు తీసుకునేవాడి మనసు మనకు బాగా వచ్చు. కానీ రాబడి ఆశించేవాడి మనసు? చీటీ పాడేవాడు, అగ్రిగోల్డ్‌లో కట్టినవాడు, ఇప్పుడు ఫోన్లో నాణేలు కొనేవాడు మన కథల్లోకి వస్తే బాధితుడిగా వస్తాడు, లేకపోతే అత్యాశపరుడిగా. మా తమ్ముడు ఈ రెండూ కాదు. వాడు జాగ్రత్తపరుడు. డబ్బు కట్టేముందు ఇంట్లో చదువుకున్నవాణ్ని ఒకణ్ని అడిగాడు.

మొన్న బ్రహ్మోత్సవాలకు ఊరికి పోయినప్పుడు వాడి బండిలోనే కొండకు పోయాను. అలిపిరి చెక్‌పోస్టు దగ్గర పెద్ద లైను. వాడు ఫోన్ తీసి ఆ యాప్ తెరిచి నాకిచ్చాడు. నేను అది ఎప్పుడో మూతపడి ఉంటుందనుకున్నాను. విత్‌డ్రా అన్న బటను మాత్రం బూడిదరంగులో ఉంది, నొక్కితే ఏమీ కాదు. మిగతా అంతా నడుస్తోంది. ఈరోజు రివార్డు అన్నచోట ఒక అంకె, మొత్తం అన్నచోట పదకొండు లక్షల చిల్లర. మేము చూస్తుండగానే చివరి రెండు అంకెలు మారాయి.

"పిన్నమ్మకి తెలుసునా?" అన్నాను.

"గాజులు విడిపించినాలే. డ్యూటీలు ఎక్కువ చేసి. యాప్ సంగతి చెప్పలా." ముందున్న బండి కదిలింది. గేరు వేస్తూ అడిగాడు: "అది సరే గానీ అన్నా, ఇది యాడ పెరగతా ఉండాది?"